నోటరీ గొంతు

సోమవారం ఉదయం తొమ్మిదింటికి రమ్మంటే లియోన్స్ బార్బిజే ఎనిమిదిన్నరకే వచ్చి, డబ్బింగ్ థియేటరుకి ఎదురుగా ఉన్న కఫేలో నిలబడే కాఫీ తాగాడు. మఫ్లరు మెడకి రెండు చుట్లు చుట్టి ఉంది. కౌంటరు వెనకావిడ ఇంకొకటి కావాలా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. నాలుగు రోజులుగా అతను అవసరమైన మాటలు కూడా మాట్లాడటం లేదు. ఇంట్లో భార్య బ్లాంష్ సంభాషణల కాగితాలు చేత్తో పట్టుకుని, నాటకాలకి ప్రాంప్టింగ్ చెప్పిన రోజుల్లోలాగా గుసగుసగా మొదటి మాట అందిస్తే, అతను పెదవులు మాత్రం కదిపేవాడు. గొంతంతా ఈ రోజు కోసం దాచాడు.

వేసవిలో బ్రెతాన్యే సముద్రతీరాన తీసిన ఆ సినిమాలో అతనిది నోటరీ వేషం. ముసలి రైతు చేత ఇల్లు అమ్మకం పత్రం మీద సంతకం పెట్టించడానికి నోటరీ వస్తాడు. పత్రం పైకి చదువుతూ చదువుతూ సగంలో ఆగిపోతాడు. ఇక చదవలేడు. అంతే సీను. మూడు నిమిషాల పది సెకన్లు. అందులో రెండు నిమిషాలు కెమెరా అతని ముఖం మీదే ఉంటుంది. ముప్పై నాలుగేళ్లుగా జెండార్ము పోలీసులూ, హోటలు గుమస్తాలూ, పెళ్లికూతురి మేనమామలూ అయిన ఆ ముఖం తెర మీద ఎప్పుడూ ఇరవై సెకన్లు నిలిచి ఎరగదు. మెట్రోలో జనం అతన్ని చూసి ఆగేవారు. "మిమ్మల్ని ఎక్కడో చూశానండీ, మీరు మా పళ్ల డాక్టరు పక్కన..." అని నసిగేవారు. అతను కాదని చెప్పేవాడు కాదు. ఈ మూడు నిమిషాలూ చూస్తే, వింటే, ఇక అలా అడగరు. జూలై తర్వాత ఎవరూ పిలవలేదు. ఇది తప్పిపోతే అరవై రెండో ఏట ఇంకొకటి రాదు.

లోపల అందరితో వరసగా చేతులు కలిపాడు. సౌండు ఇంజనీరు గోబేర్ చెయ్యి ఎప్పట్లాగే చల్లగా ఉంది. దర్శకుడు మోర్లాక్ మాత్రం కలిపిన చెయ్యి వదల్లేదు. ముప్పై ఏళ్లవాడు. గడ్డం సరిగా గీసుకోలేదు.

"బార్బిజే గారూ, మీరు మాక్సీం గారిలా మాట్లాడతారటగా."

"భోజనాల దగ్గర. నలుగురినీ నవ్వించడానికి."

"నాకు నవ్వించక్కర్లేదండీ."

లియోన్స్‌కి అర్థమైంది. రైతు వేషం వేసిన మాక్సీం కోర్వెల్ చనిపోయి ఐదు వారాలైంది. సినిమా అంతా అతనే ఉన్నాడు. గొంతు లేదు.

"షూటింగులో రికార్డు చేసింది ఉంది కదా?"

"వినిపించవయ్యా," అన్నాడు మోర్లాక్.

గోబేర్ మీట నొక్కాడు. సముద్రపు గాలీ, జనరేటరు హోరూ గదిని నింపేశాయి. ఆ హోరు అడుగున ఎక్కడో ఒక మనిషి నింపాదిగా ఆవు గురించి ఏదో చెబుతున్నాడు. లియోన్స్ తనకి తెలియకుండానే మఫ్లరు విప్పాడు. ముప్పై ఏళ్లు కాంటీన్లలో పక్కపక్కన కూర్చుని తిన్న మనిషి. అతన్ని అనుకరిస్తుంటే అందరికన్నా గట్టిగా నవ్వినవాడు అతనే. "ఒరేయ్ లియోన్స్, నేనింత వెధవలా మాట్లాడతానా?" అని కళ్లు తుడుచుకునేవాడు.

"మేడం కోర్వెల్‌కి తెలుసా ఈ సంగతి?"

"ఉత్తరం రాసిచ్చారు. మీరైతేనే ఒప్పుకుంటానన్నారు."

"మరి నా నోటరీ?"

"బుధవారం పొద్దున్న. తాపీగా చేద్దాం. అది మీ సీను కదండీ."

ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి మాక్సీం నోట్లోంచి మాట్లాడటం అతను ఊహించుకున్నాడు. అందుకే ఒప్పుకున్నానని తనకి తాను చెప్పుకున్నాడు. కానీ కోటు విప్పి తగిలిస్తుంటే చేతులు చురుగ్గా కదులుతున్నాయి. అడిగినందుకు లోపల ఎక్కడో సంతోషంగా ఉంది. ఆ సంతోషం చూసి అతను కొంచెం సిగ్గుపడ్డాడు.

థియేటరులో దీపాలు ఆర్పారు. తెరకి ఎదురుగా నడుమెత్తున ఒక ఇనప కడ్డీ ఉంటుంది. దాన్ని పట్టుకుని నిలబడాలి. తెర మీద నిమిషంసేపటి బొమ్మ లూపుగా తిరిగి తిరిగి వస్తుంది. బొమ్మ కింద సన్నని తెల్లటి పట్టీ మీద చేత్తో రాసిన మాటలు కుడి నుంచి ఎడమకి పాకుతాయి. మధ్యలో ఒక నిలువు గీత. మాట ఆ గీతని తాకగానే నోట్లోంచి రావాలి. సాగదీసిన మాట అక్షరాలు సాగి ఉంటాయి, గబగబా అన్న మాట నలిగినట్టు ఇరుగ్గా ఉంటుంది. పట్టీ రాసే ఇవెట్ అనే ఆవిడ నెలరోజులు నటుల పెదవుల్ని ఒక్కొక్క ఫ్రేమూ చూసి రాస్తుంది. ఊపిరి పీల్చిన చోట చిన్న కొక్కెం గీస్తుంది. మాక్సీం మాటల ముందు అన్నిచోట్లా ఆ కొక్కెం ఉంది. జవాబు చెప్పే ముందు అతనికి ముక్కుతో చిన్నగా గాలి పీల్చే అలవాటు. ఎదుటివాడు చెప్పింది వాసన చూస్తున్నట్టుండేది.

మొదటి లూపు పాడైంది. రెండోదీ అంతే. అది భోజనాల దగ్గరి మాక్సీం. మూడోసారి లియోన్స్ కడ్డీ మీద నుంచి చేతులు తీసేసి, భుజాలు కిందికి వదిలి, పొట్ట ముందుకి పెట్టి నిలబడ్డాడు. కొక్కెం గీతని తాకింది. ముక్కుతో గాలి పీల్చాడు. మాట వచ్చింది.

బొమ్మ ఆగింది.

"ఇదేంటయ్యా ఇది," అన్నాడు గోబేర్ అద్దం వెనకనుంచి. "నా చేతులు చూడు, రోమాలు లేచాయి."

సాయంత్రానికి ఇరవై ఆరు లూపులయ్యాయి. ఇంటికి వెళ్లే బస్సులో కండక్టరుకి స్టాపు పేరు చెబుతూ, ముందు ముక్కుతో గాలి పీల్చినట్టు లియోన్స్‌కి తెలియలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం అమ్మకం సీను దగ్గరికి వచ్చారు. రైతుకి అందులో ఏడు మాటలే. అవి రెండు లూపుల్లో అయిపోయాయి. తెర మీద తన ముఖం ఎదురుగా వస్తుంటే లియోన్స్ చూపు పక్కకి తిప్పుకున్నాడు. దాన్ని రేపటికి ఉంచుకోవాలనుకున్నాడు.

"ఒకసారి రెండూ కలిపి వినిపిస్తా, బ్యాలెన్సు చూసుకోవాలి," అన్నాడు గోబేర్. "నోటరీది షూటింగు సౌండే పెడతా ప్రస్తుతానికి."

హోరు మధ్య నోటరీ చదువుతున్నాడు. రైతు అడ్డం వస్తున్నాడు. నోటరీ జవాబిస్తున్నాడు. గోబేర్ మధ్యలో ఆపాడు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆపాడు.

"ఏమైంది?" అన్నాడు మోర్లాక్.

"ఒక్కడే మాట్లాడుకుంటున్నట్టుంది."

"అంటే?"

"అంటే అదే. కళ్లు మూసుకుని విను."

మోర్లాక్ కళ్లు మూసుకుని విన్నాడు. లియోన్స్ కళ్లు తెరిచే విన్నాడు, అందుకే పట్టీ కనిపించింది. నోటరీ మాటల ముందు కూడా కొక్కేలున్నాయి. ప్రతి జవాబు ముందూ. ఇవెట్ పెదవుల్ని చూసి ఉన్నదున్నట్టు రాసింది. వేసవిలో, ఆ వంటింటి బల్ల దగ్గర, ఎదురుగా మాక్సీం బతికి కూర్చుని ఉండగానే, తను మాక్సీంలా ఊపిరి పీల్చి మాక్సీంలా జవాబిచ్చాడు. ఎవరినీ నవ్వించడానికి కాదు. అది నోటరీ అనుకునే చేశాడు.

"పట్టీ తప్పు రాశారు," అన్నాడు.

మోర్లాక్ పట్టీ వైపు చూశాడు.

"ఇప్పుడే చేసేద్దాం నాది. రేపటిదాకా ఎందుకు? పెట్టవయ్యా."

గోబేర్ పెట్టాడు. లియోన్స్ కడ్డీ పట్టుకున్నాడు. కొక్కెం వస్తే ఊపిరి బిగబట్టి దాన్ని పోనిచ్చాడు. మాట ఆలస్యమైంది. రెండోసారి మాట సరిగ్గా పడింది, దాని వెనకే మాక్సీం వచ్చేశాడు.

"మామూలుగా మాట్లాడండి," అన్నాడు మోర్లాక్ మెత్తగా. "మీలా."

"నాలాగే మాట్లాడుతున్నానండీ."

"ఇందాకటిలాగే ఉంది."

గొంతు పైకి ఎత్తి చూశాడు. గోబేర్ అద్దం వెనక నవ్వి, "హోటలు గుమస్తా," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. పాత పరిచయస్థుడు ఎదురైనట్టు అన్నాడు. గొంతు దించి చూశాడు. "ఇది జెండార్ము. సైకిలు పోగొట్టుకున్నాడే, ఆయన." పొడిగా, వేగంగా చదివి చూశాడు. "కాలేజీ పరీక్షల ఇన్‌స్పెక్టరు. అందులో మీరు భలే చేశారండీ." లియోన్స్ ఆగి నీళ్లు తాగాడు. ఇంకేదో గొంతు ఉండాలి. వీళ్లందరికీ వేషాలు వేయించిన వాడొకడు ఎక్కడో ఉండాలి కదా. వాణ్ణి బయటికి పిలవాలి, అంతే. నోరు తెరిచాడు. పట్టీ పాకుతోంది. మాటలు గీతని దాటిపోయాయి. నోరు అలాగే తెరిచి ఉంది.

"దీపాలు వెయ్యండి," అన్నాడు మోర్లాక్.

వెలుతురులో తెర మురికిగా కనిపించింది. మోర్లాక్ వచ్చి పక్కన కడ్డీకి ఆనుకుని నిలబడ్డాడు.

"మాక్సీం గారి గొంతు సినిమా అంతా ఉందండీ. అది మార్చలేను."

"నేను చేసింది తీసెయ్యండి. ఇంకెవరినైనా పెట్టండి మాక్సీంకి. అప్పుడు నాది నాకుంటుంది."

"రెండు రోజుల పని. పైగా మేడం కోర్వెల్ మీరైతేనే అన్నారు." తెర వైపు చూసి, "పైగా, నిజం చెప్పాలంటే, ఇంత బాగా ఇంకెవరూ చెయ్యలేరు," అన్నాడు.

వాడనివ్వను అనడానికి లియోన్స్‌కి హక్కుంది. గొంతు తనది. సంతకం పెట్టిన కాగితం మాక్సీం డబ్బింగుకి ఇంకా లేదు కూడా. ఆ మాట అంటే సరిపోయేది. నాలుక మీదికి వచ్చింది. అయితే నిన్నటి నుంచి తను చేసిన దానిలో ఒక్క తప్పు కూడా లేదని అతనికి తెలుసు. ముప్పై నాలుగేళ్లలో అంత బాగా చేసిన పని ఇంకొకటి లేదు. దాన్ని చెరిపెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు.

"మరి నోటరీకి ఎవరు?"

"డబ్బింగు చెప్పే ప్రదెల్ ఉన్నాడు, రేపు వస్తాడు. పొద్దున్న ఎలాగూ పక్క హాల్లోనే ఉంటాడు." మోర్లాక్ అతని చెయ్యి తట్టాడు. "మీ ముఖం అలాగే ఉంటుందండీ. చేసిందంతా ముఖమే."

*

బ్లాంష్ సూపు వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఉల్లికాడల సూపు. అతను స్పూను ముంచి తియ్యలేదు.

"నేను మాట్లాడుతుంటే ఎలా ఉంటుంది?" అన్నాడు.

"ఉప్పెక్కువైందా?"

"నా గొంతు. నువ్వు అరవై నాటకాలకి ప్రాంప్టింగ్ చెప్పావు. చీకట్లో వినేదానివి. నాది ఏదో చెప్పు."

బ్లాంష్ రొట్టె తుంచుతూ ఆలోచించింది. అబద్ధం చెప్పే అలవాటు ఆమెకి లేదు. ప్రాంప్టరు అబద్ధం చెబితే నాటకం ఆగిపోతుంది.

"ప్రాంప్టరు కూర్చునే పెట్టె స్టేజీ అంచు కింద ఉంటుంది కదా," అంది. "నాకు కనిపించేవి చెప్పులు. నిన్ను చెప్పుల్ని బట్టి గుర్తుపట్టేదాన్ని. కుడికాలి మడమ లోపలి వైపు అరిగిపోయేది నీకు."

"గొంతు?"

"ప్రతి నాటకంలో వేరేగా ఉండేది. అందుకేగా నిన్ను పిలిచేవాళ్లు."

"ఇంట్లో?"

"ఇంట్లో నువ్వు మాట్లాడేదేముంది లియోన్స్. పేపరు ఏదీ, తలుపేశావా. ఐదు రోజులుగా అదీ లేదు." అతని ముఖం చూసి స్పూను కింద పెట్టింది. "ఎవరైనా ఏమైనా అన్నారా?"

"రేపు ఇంకొకడు నా నోట్లో మాట్లాడతాడు."

 ఆమె లేచి, అతని కంచంలో సూపు తిరిగి గిన్నెలో పోసి, వేడి చెయ్యడానికి తీసుకుపోయింది. అవతల నుంచి ఏదో అంది. నీళ్ల చప్పుడులో వినిపించలేదు. మళ్లీ చెప్పమనడానికి అతను నోరు తెరిచి, ఏ గొంతుతో అడగాలో తెలియనట్టు ఆగిపోయాడు. అలా ఆగిపోవడం తమాషాగా ఉందనీ, దాన్ని ఎక్కడైనా వాడుకోవచ్చనీ కూడా అతనికి తోచింది. ఆ ఆలోచన వచ్చినందుకు వెంటనే భయం వేసింది.

*

బుధవారం అతన్ని రమ్మనలేదు. అయినా వెళ్లాడు.

లూసియన్ ప్రదెల్ పొట్టిగా, గుండ్రంగా, బట్టతలతో ఉన్నాడు. చేతిలో సగం తిన్న పందిమాంసం రొట్టె. లియోన్స్‌ని చూడగానే రొట్టె ఎడమ చేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి చాపాడు.

"నువ్వే కదూ? భలే చేశావోయ్. ఇందాక సౌండు లేకుండా రెండుసార్లు చూశాను. పొద్దున్నంతా పక్క హాల్లో షెరీఫుకి గొంతిచ్చి, గుర్రం మీద నుంచి అరిచి అరిచి చచ్చాను. నీవాడు మెత్తని మనిషి, హాయి."

లియోన్స్ తల ఊపాడు.

"ఒక్కటి చెప్పు. వాడు ఎందుకాగిపోతాడు?"

"ఏమిటి?"

"చదువుతూ చదువుతూ ఆగిపోతాడుగా. ఎందుకు? కాగితాల్లో రాయలేదు. ఈ కుర్రాణ్ణి అడిగితే, జాలి అన్నాడు. జాలి కాదది, నాకు కనిపిస్తూనే ఉంది."

ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మోర్లాక్ కూడా అడగలేదు. లియోన్స్ అద్దం వైపు చూశాడు. గోబేర్ లూపు ఎక్కిస్తున్నాడు, వినడం లేదు.

"నేను ఆపలేదు," అన్నాడు. "ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే ఎదురుగా మాక్సీం రంగు బాగాలేదు. చెవుల కింద పచ్చగా ఉంది. జబ్బని అప్పటికి ఎవరికీ తెలీదు. ఏమైంది వీడికి అనుకున్నాను. మాట పోయింది. 'కట్' అంటారనుకున్నాను. అనలేదు."

"అదీ," అన్నాడు ప్రదెల్. మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "మరి ఆ తర్వాత రెండు నిమిషాలు?"

"వాడినే చూస్తూ కూర్చున్నాను."

"వాడు?"

"వాడు నన్ను చూశాడు. నువ్వు కనిపెట్టేశావా అన్నట్టు."

ప్రదెల్ ఇంకేమీ అడగలేదు. వెళ్లి కడ్డీ దగ్గర నిలబడి, ఒక చెయ్యి దాని మీద వేసి, తల కొంచెం వంచాడు. పట్టీ వైపు చూస్తున్నాడో లేదో తెలియలేదు. దీపాలు ఆరాయి.

లియోన్స్ వెనక వరసలో కూర్చున్నాడు. తెర మీద తన నోరు తెరుచుకుంది. అందులోంచి ఒక గొంతు వచ్చింది. పలచగా, వేడి లేకుండా, వెయ్యి పత్రాలు చదివి ఒక్కటీ వినని మనిషి గొంతు. నోటరీలు అలాగే చదువుతారు. నాకెందుకు తట్టలేదు అనుకున్నాడు. కొక్కెం వచ్చిన ప్రతిచోటా ప్రదెల్ ఊపిరి పీల్చకుండా వదిలాడు, చిన్నగా, పొడిగా. పెదవులకి సరిగ్గా సరిపోయింది. రైతు గొంతు అడ్డం వచ్చింది. మాక్సీం. తను. నోటరీ జవాబిచ్చాడు. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నారు.

తర్వాత నోటరీ ఆగిపోయాడు. ఇక్కడ పట్టీ మీద ఏమీ లేదు, తెల్లగా పాకుతోంది. ప్రదెల్ మైకు దగ్గర నుంచి కదల్లేదు. ఖాళీ పట్టీ కింద అతను గుటక మింగాడు. కాసేపటికి నాలుక అంగిట్లోంచి విడిపడిన చప్పుడు. మాట మొదలుపెట్టబోయి మానుకున్న చప్పుడు. ఇంకేమీ లేదు. చీకట్లో లియోన్స్ పెదవులు ఆ చప్పుళ్ల వెంట కదులుతున్నాయి. తెర మీది మనిషిని చూస్తుంటే అతనికి ఏడుపు వచ్చింది. ఆ మనిషి మీద జాలితో వచ్చింది, తన మీద జాలితో కాదు. ఆ మనిషికీ తనకీ సంబంధం లేదు. అందుకే ఏడవడం తేలికైంది.

నాలుగు లూపులూ గంటలో అయిపోయాయి. మోర్లాక్ ప్రదెల్‌ని కౌగిలించుకున్నాడు. తర్వాత వెనక వరస గుర్తొచ్చి, అక్కడి నుంచే చెయ్యి ఊపాడు.

కఫేలో ప్రదెల్ తెల్లవైను తాగుతూ కౌంటరు మీది ఉడికిన గుడ్డు ఒలిచాడు.

"బెంగపెట్టుకోకు. మా పేర్లు ఎక్కడా పడవు. పదకొండేళ్లుగా ఒక అమెరికను హీరోకి గొంతు నాది. మా అత్తగారికి వాడంటే ప్రాణం. ఆదివారం భోజనాల దగ్గర నేను నోరు తెరిస్తే, 'అబ్బ, నీ గోల ఆపు లూసియన్' అంటుంది." నవ్వి గుడ్డుకి ఉప్పు అద్దుకున్నాడు. "నువ్వు చేసిందే పలికానోయ్. కొత్తగా ఏం పెట్టలేదు."

"పెట్టావు," అన్నాడు లియోన్స్.

ప్రదెల్ గుడ్డు తింటూ అతని వంక చూశాడు. అబద్ధమాడాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది.

"కొంచెం," అన్నాడు చివరికి.

*

శుక్రవారం మధ్యాహ్నం నిర్మాత పదిమందిని పిలిచి రెండు రీళ్లు చూపించాడు. లియోన్స్ ఉతికించిన చొక్కా వేసుకుని గోడ పక్కన కూర్చున్నాడు. అమ్మకం సీను వస్తుంటే చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. హాల్లో ఎవరో దగ్గుతున్నవారు ఆగిపోయారు. నోటరీ చదవడం మానేశాక, ఆ రెండు నిమిషాలూ ఎవరూ కుర్చీలో కదల్లేదు. నిశ్శబ్దం ఎంత బరువైనదో లియోన్స్‌కి తెలుసు. నాటకాల్లో మూడో నాలుగో సార్లు అది ఇతరులకి దొరకగా పక్కన నిలబడి విన్నాడు.

దీపాలు వెలగగానే జనం మాక్సీం గురించి మాట్లాడారు. "పోతూ పోతూ ఎంత బాగా చేశాడు మహానుభావుడు. ఆ గొంతు ఇక వినం," అన్నారు. తర్వాత ఒక్కొక్కరే గోడ దగ్గరికి వచ్చారు. బొచ్చు కోటు వేసుకున్న ఒకావిడ అతని రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ గొంతు ఇన్నేళ్లూ ఎక్కడ దాచుకున్నారండీ?"

మోర్లాక్ తన బూట్ల వంక చూసుకున్నాడు. లియోన్స్ నవ్వాడు, నోరు తెరవకుండా. మెడ మీది మఫ్లరు చూపించి, జలుబన్నట్టు సైగ చేశాడు.

"అయ్యో, జాగ్రత్తగా ఉండండి. అది జాతి సొత్తు ఇక," అందావిడ. అందరూ నవ్వారు. అతను ఒక్క మాట కూడా మాట్లాడకుండా అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు. ఆ మౌనం కూడా వాళ్లకి నచ్చింది.

శనివారం పదకొండింటికి టెలిఫోను మోగింది. బ్లాంష్ వంటింట్లో ఉంది. లియోన్స్ ఎత్తాడు.

"బార్బిజే గారి ఇల్లేనా? కాస్తెరా ఆఫీసు నుంచండీ," అంది ఒక ఆడగొంతు. దర్శకుడు కాస్తెరా పేరు తెలియని నటుడు ఆ ఊళ్లో ఉండడు. "ఒక్క నిమిషం, ఆయనే మాట్లాడతారు."

లైనులో చప్పుడు. తర్వాత దగ్గు.

"బార్బిజే గారూ? నిన్న రీళ్లు చూశాను. చివర వరసలో ఉన్నాను, మీరు చూసి ఉండరు. వసంతంలో ఒక సినిమా మొదలుపెడుతున్నాను. జడ్జి. మొదటి సీను నుంచి ఆఖరి సీను దాకా ఉంటాడు. కోర్టంతా ఆయన మాట మీదే నడవాలి. ఏడాది నుంచి వెతుకుతున్నాను. నిన్న నోటరీ చదవడం మొదలుపెట్టగానే, ఇదే గొంతు అనుకున్నాను. దీన్ని నేరుగా రికార్డు చేస్తాను, డబ్బింగ్ గిబ్బింగ్ నాకు పడదు. వింటున్నారా?"

"వింటున్నానండీ," అన్నాడు లియోన్స్.

అవతల మళ్లీ దగ్గు.

"ఎవరు మాట్లాడేది? బార్బిజే గారిని పిలుస్తారా?"

అతను రిసీవరు కింద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ గొంతు నాది కాదండీ. చెప్పాల్సింది నాలుగు ముక్కలే. ప్రదెల్ అనే ఆయనది, ఫోను నంబరు ఇస్తాను. చెప్పేస్తే ఎవరూ తప్పుపట్టరు. మెచ్చుకుంటారు కూడా. తర్వాత టెలిఫోను మోగదు. చెప్పకపోతే వసంతంలో మొదటి రోజు, మొదటి సీనులో, మైకు ముందు నిలబడాలి. వెనక చీకట్లో ఎవరూ ఉండరు. ప్రదెల్ ముఖం గుర్తొచ్చింది, కౌంటరు దగ్గర ఉప్పు అద్దుకుంటూ. పేరు ఎక్కడా పడదని వాడే అన్నాడు. ఆ మాటని పట్టుకుని వేలాడుతున్నందుకు అతనికి తన మీద అసహ్యం వేసింది. అసహ్యం పడుతూనే, ఎడమ చెయ్యి కుర్చీ వీపు మీద వేశాడు. తల కొంచెం వంచాడు. ఊపిరి పీల్చకుండా, పొడిగా, చిన్నగా వదిలాడు.

"నేనేనండీ," అన్నాడు. "క్షమించాలి. గొంతు ఇంకా లేవలేదు."

పలచగా, వేడి లేకుండా వచ్చింది.

"ఆఁ," అన్నాడు కాస్తెరా అవతల నుంచి, ఊపిరి తీసుకుంటూ. "ఇదీ."

వంటింటి తలుపు తెరుచుకుంది. బ్లాంష్ ఇంకొక కప్పు కాఫీ పట్టుకుని వచ్చింది. ఇంటికి మనిషి వచ్చినప్పుడు వాడే నీలం అంచు కప్పు. గుమ్మంలో ఆగి గదంతా చూసింది. కిటికీ దగ్గరి కుర్చీ ఖాళీగా ఉంది. వీధి తలుపు గొళ్లెం వేసే ఉంది.

లియోన్స్ ఆమెకి వీపు తిప్పాడు. ఒక్కొక్క మాటా ఆచితూచి జవాబు చెబుతున్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తప్పిపోకుండా వేళ్లతో కుర్చీ వీపు నొక్కి పట్టుకున్నాడు. "అలాగేనండీ. మంగళవారం. నేరుగా వస్తాను." బ్లాంష్ అతని వీపు వంక కొంతసేపు చూసింది. తర్వాత వచ్చినాయనకి పెట్టినట్టే కప్పు బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.